మా నాన్న పెట్టెలో దొరికిన బటన్

(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)
సుబేదార్ (విశ్రాంత), కోర్ ఆఫ్ సిగ్నల్స్



కార్యదర్శిగారు నాకు ఫోను చేసి "సాబ్, ఈసారి మీరు ఒక అరగంట మాట్లాడాలి, సర్వీసు అనుభవాలు ఏవైనా చెప్పండి" అన్నారు. సర్వీసు అనుభవాలు మీ అందరికీ ఉన్నాయి. నాకంటే ఎక్కువ చూసినవాళ్ళు ముందు వరుసలోనే కూర్చున్నారు. అందుకని నేను ఒక వస్తువు తెచ్చాను. ఇదిగో, ఇదే. వెనక ఉన్నవాళ్ళకి కనబడదు, సభ అయ్యాక వచ్చి చూడవచ్చు. ఇది ఒక చిన్న ఎలక్ట్రిక్ బటన్. అడ్డంగా కొలిస్తే 45 మిల్లీమీటర్లు. పైన ఇత్తడి మూత, మధ్యలో పాలిపోయిన తెల్లని బొత్తాం, కింద పింగాణీ దిమ్మ. పేరు లేదు, ఊరు లేదు, ఒక్క అక్షరం లేదు. ఇది దేనికి వాడేదో కనుక్కోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. కనుక్కున్నాక ఆ సంగతి బయటికి చెప్పాలా వద్దా అని ఆలోచించడానికి ఇంకో నెల పట్టింది. ఆ కథే ఈ రోజు చెబుతాను.

ఓల్డ్ సెటిల్‌మెంట్

మాది ఖరగ్‌పూర్, ఓల్డ్ సెటిల్‌మెంట్. ఇక్కడ చాలామందికి ఖరగ్‌పూర్ అంటే రైలు మారిన స్టేషను. లేకపోతే పొడుగాటి ప్లాట్‌ఫారం. 1,072 మీటర్లు ఉండేది, చాలాకాలం ప్రపంచంలో అన్నిటికంటే పొడుగని చెప్పుకున్నాం. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి మమ్మల్ని దాటిపోయాయి. సరే, పోనివ్వండి.

మా తెలుగువాళ్ళు అక్కడికి ఎలా వెళ్ళారు అంటే, రైలు వెంటే వెళ్ళారు. 1887లో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ, అంటే బి.ఎన్.ఆర్. ఏర్పడింది. 1902లో ఈస్ట్ కోస్టు లైనులో వాల్తేరు నుంచి కటకం దాకా ఉన్న ఉత్తర భాగం ఆ కంపెనీ చేతికి వచ్చింది. దానితో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి మనవాళ్ళు ఆ లైను పట్టుకుని ఖరగ్‌పూర్ వర్క్‌షాపుకీ, షెడ్డుకీ, యార్డుకీ పోయారు. అక్కడే పిల్లల్ని కన్నారు, అక్కడే మాత పూజలు చేసుకున్నారు. 1928లో ఉద్యోగాలు తీసేసినవాళ్ళ కోసం బి.ఎన్.ఆర్. కార్మికులు సమ్మె చేస్తే దానికి నాయకుడు మన వి.వి. గిరిగారే. తరవాత ఆయన రాష్ట్రపతి అయినప్పుడు మా ఇళ్ళల్లో సొంత మనిషి గద్దె ఎక్కినట్టు చెప్పుకునేవారట.

ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో దొరల బంగళాలు ఉండేవి, వాటి వెనక పనివాళ్ళ ఔట్‌హౌసులు ఉండేవి. ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకోండి, దీనితో తరవాత పని ఉంది.

మా నాన్నగారు రైల్వేలో ఎలక్ట్రికల్ ఫిట్టరు. 2019లో కాలం చేశారు. ఆయన ఇనప పెట్టెలో సర్వీసు కాగితాలు, అమ్మ పెళ్ళినాటి పట్టుచీర ముక్క, ఒక పాత టెస్టరు, వాటి కింద గుడ్డలో చుట్టిన ఈ బటన్ ఉన్నాయి. ఇది నాకు కొత్త కాదు. చిన్నప్పుడు ఒకటి రెండుసార్లు చూపించారు. "ఇది మీ తాత కేబిన్లో నొక్కిన బటన్‌రా. ఇది నొక్కితేనే బండి కదిలేది" అనేవారు. నేను ఇస్కూల్లో అందరికీ చెప్పుకున్నాను. మా తాత వేలితో మద్రాసు మెయిలు కదిలిందని గొప్పగా చెప్పుకున్నాను. 1988లో ఇంటర్ అయిపోయి జబల్‌పూర్‌లో సిగ్నల్ ట్రైనింగ్ సెంటర్లో అడుగు పెట్టినప్పుడు కూడా, మా తాతదీ సిగ్నలే, నాదీ సిగ్నలే అనుకున్నాను. రెండు సిగ్నల్సూ వేరు అని మా హవల్దారు ఉస్తాద్ నవ్వాడు.

2024 ఉగాదికి మా వీధి తెలుగువాళ్ళు పాత వస్తువులతో చిన్న ప్రదర్శన పెడదామన్నారు. నేను ఈ బటన్ ఇస్తానన్నాను. పక్కన పెట్టే చీటీ కూడా నన్నే రాయమన్నారు. కలం పట్టుకుని కూర్చున్నాక చేయి ఆగిపోయింది. ఇరవై ఎనిమిదేళ్ళు స్టోర్ లెడ్జర్ల మీద సంతకాలు పెట్టిన చేయి అది. చూడకుండా, లెక్క పెట్టకుండా "సరిగా ఉంది" అని రాయడం దానికి రాదు.

నొక్కకు, ముందు చూడు

2001-02లో ఆపరేషన్ పరాక్రమ్ రోజుల్లో సరిహద్దులో ఉన్నవాళ్ళు ఈ సభలో ఉన్నారు. తెలియని వస్తువు కనబడితే ముట్టుకోకు, తన్నకు, లాగకు అని మనకి నూరిపోశారు. ఇంట్లో దొరికిన పాత కరెంటు సామానుకీ అదే సూత్రం. ముందు కళ్ళతో చూడాలి.

అయితే మా ఇంట్లో నాకంటే ముందు మా ఆవిడ చూసింది. ప్రదర్శనకు కదా అని చింతపండు, బూడిద తీసుకుని తోమడానికి కూర్చుంది. సగం మూత తళతళలాడింది. నేను గట్టిగా అరిచాను, అది తప్పే. కానీ ఆ అంచు చుట్టూ పట్టిన తెల్ల మరకే నాకు కావలసిన సాక్ష్యం. మిగిలిన సగాన్ని భూతద్దంతో చూస్తే అది చిలుము కాదు. చిలుము పచ్చగా ఉంటుంది. ఇది సున్నం. పొరలు పొరలుగా ఉంది. ఒక పొర తెలుపు, ఒకటి నీలిమందు కలిపిన లేత నీలం, ఒకటి గోధుమ రంగు. అంటే ఏటేటా సున్నం కొట్టే గోడ మీద ఈ బటన్ చాలా ఏళ్ళు ఉంది. కొట్టేవాడి కుంచె ప్రతిసారీ దీని అంచుకు తగిలింది.

ఇత్తడి మూతకు మర ఉంది, తిప్పితే ఊడింది. లోపల రెండు ఇత్తడి రేకులు, గోరు కంటే పల్చన. ఒకటి పైకి వంగి బొత్తాం కింద నిలబడింది, రెండోది దాని కింద పడుకుని ఉంది. బొత్తాం నొక్కితే పై రేకు దిగి కింది రేకుకు తగులుతుంది, వదిలితే లేస్తుంది. మీటరు పెట్టి చూశాను. వదిలి ఉంచితే దారి లేదు. నొక్కితే, కాస్త శుభ్రం చేశాక, దారి ఉంది. అంటే నొక్కి ఉంచినంతసేపే పని చేసే బటన్. దీపం స్విచ్ కాదు. దీపానికైతే ఒకసారి వేస్తే అక్కడే నిలవాలి.

మరలు కొలిచాను. లావు 2.8 మిల్లీమీటర్లు. మన 3 మిల్లీమీటర్ల మర అందులోకి ఎక్కలేదు. 2.8 అంటే పాత బ్రిటిష్ కొలతలో 6 బి.ఎ. అనే సైజు. సిగ్నల్స్ వర్క్‌షాపులో చేసినవాళ్ళకి బి.ఎ. మరలు బాగా తెలుసు, పాత టెలిఫోను సామాను అంతా వాటితోనే. మన దేశంలో తూనికలు కొలతల చట్టం 1956లో వచ్చి, 1958 నుంచి మెట్రిక్ మెల్లమెల్లగా అమలైంది. ఐతే ఈ మరను చూసి తేదీ చెప్పకూడదు, ఎందుకంటే బి.ఎ. మరలు ఆ తరవాత కూడా చాలాకాలం వాడారు. ఇంగ్లీషు వాళ్ళ కొలతలతో చేసిన సరుకు అని మాత్రం చెప్పవచ్చు.

ఇక తెల్ల బొత్తాం. దంతమా, ఎముకా, ప్లాస్టిక్కా? కొంతమంది సూది కాల్చి గుచ్చి వాసన చూడమంటారు. దయచేసి ఆ పని చేయకండి, చెబుతాను ఎందుకో. నేను బొటనవేలితో గట్టిగా రుద్ది, వేడెక్కాక ముక్కు దగ్గర పెట్టుకున్నాను. హారతి కర్పూరం వాసన! సన్నగా వచ్చింది, కానీ వచ్చింది. సెల్యులాయిడ్ అనే పాత ప్లాస్టిక్ కర్పూరం కలిపే చేస్తారు. 1870 ప్రాంతం నుంచి దంతానికి బదులుగా వాడారు. అది భగ్గున అంటుకునే సరుకు, కాల్చిన సూది గుచ్చితే మంట లేస్తుంది. అదే బేకలైట్ అయితే రుద్దినప్పుడు ఆసుపత్రి కార్బాలిక్ వాసన వస్తుంది. అది 1907లో కనిపెట్టినది. ఎబోనైట్ అయితే గంధకం వాసన. వాసన చూసి సరుకు చెప్పడం మన వంటింటి ఆడవాళ్ళకి కొత్త కాదు, మనం నేర్చుకోవాలి.

ఏవి కావో తీసేస్తూ పోవడం

ఇప్పుడు అనుమానితుల జాబితా రాసుకున్నాను. ఒక్కొక్కటే కొట్టేస్తూ పోయాను.

మొదటిది మోటారు హారను. హారను ఎక్కువ కరెంటు లాగుతుంది, ఇంత పల్చటి రేకులు నిలవవు. పైగా పాత బండ్లలో చాలావాటికి హారను బటన్‌కు ఒకే తీగ వచ్చేది, రెండో దారి బండి బాడీయే. దీనికి రెండు తీగల మరలు ఉన్నాయి. కొట్టేశాను.

రెండవది టెలిగ్రాఫ్. మోర్స్ కీ మీద చేయి వేసినవాళ్ళు మీలో ఉన్నారు. దానికి మీట ఉంటుంది, సందు ఎక్కువ తక్కువ చేసుకునే మర ఉంటుంది. దీనికి అవేవీ లేవు. ఇది కూడా కొట్టేశాను.

మూడవది దొరల సెలూన్ పెట్టె. ఆ పెట్టెల్లో బంట్రోతును పిలవడానికి బటన్లు ఉండేవి, అప్పటి పెట్టెల్లో దీపాల కరెంటు 24 వోల్టుల డి.సి. ఇది సరిపోయేదే. కానీ రైలు పెట్టెకి సున్నం కొట్టరు కదా. కొట్టేశాను.

నాలుగవది కేబిన్. మా తాత కేబిన్. దీన్ని కొట్టేయడానికి నాకు మనసు రాలేదు. ఊళ్ళో రిటైరైన సిగ్నల్ ఇన్‌స్పెక్టరు ఒకాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన టీ ఇచ్చి, బ్లాకు గంటల సంగతి వివరంగా చెప్పారు. ఒక స్టేషను నుంచి పక్క స్టేషనుకు బండి పంపాలంటే బ్లాకు యంత్రం మీద గంటలు కొడతారు. ఒక్క గంట అంటే ఇటు చూడు అని. రెండు గంటలు అంటే లైను ఖాళీయా అని. మూడు అంటే బండి సెక్షన్లోకి వస్తోంది. నాలుగు అంటే బండి బయటపడింది. ఆరు గంటలు అంటే ప్రమాదం. పదహారు అంటే పరీక్ష. ఆ గంట కొట్టే మీట గానీ బటన్ గానీ యంత్రంలో భాగం. యంత్రం ముఖం మీదే ఉంటుంది, గోడ మీద విడిగా ఉండదు. సీలు వేసి ఉంటుంది. ఆయన ఈ బటన్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, మర్యాదగా అన్నారు: "మీ తాతగారు కేబిన్లో చేసి ఉండవచ్చు, అది నేను కాదనను. ఇది మాత్రం కేబిన్‌ది కాదు సుబేదార్ సాబ్."

మిగిలింది ఐదవది. ఇంటి గంట.

కరెంటు గంట చాలా పాతది. 1831లో అమెరికాలో జోసెఫ్ హెన్రీ అనే మాస్టారు తీగ చివర గంట మోగించి చూపించారు. 1866లో ఫ్రాన్సులో లెక్లాంషే అనే ఇంజనీరు ఒక బ్యాటరీ చేశాడు. గాజు సీసాలో నవాసాగరం కలిపిన నీళ్ళు, అందులో జింకు కడ్డీ, మధ్యలో కర్రబొగ్గు లాంటి కార్బన్ పలక. నవాసాగరం అంటే కళాయి వేసేవాళ్ళు గిన్నెకు రాసేదే. ఒక్కో సీసాకు ఒకటిన్నర వోల్టు. ఈ బ్యాటరీ గుణం ఏమిటంటే, ఆపకుండా వాడితే అలిసిపోతుంది, కాస్త విశ్రాంతి ఇస్తే మళ్ళీ కోలుకుంటుంది. దీపానికి పనికిరాదు, గంటకు మాత్రం దివ్యంగా పనికొస్తుంది. గంట ఒక క్షణం మోగి గంటసేపు ఊరుకుంటుంది కదా. అందుకే ఊళ్ళో కరెంటు దీపం లేని రోజుల్లోనే పెద్ద ఇళ్ళల్లో కరెంటు గంట ఉండేది. రెండు మూడు సీసాలు చాలు. పల్చటి రేకులు, సన్నటి మరలు, చిన్న సందు చాలు. ఈ బటన్ లోపల ఉన్నవి సరిగ్గా అవే.

ఇక్కడ ఒక హెచ్చరిక. మా మేనల్లుడు దీన్ని తన కొత్త ఫ్లాటు గుమ్మానికి పెట్టుకుంటానన్నాడు, పాతకాలం బటన్ ఫ్యాషనట. ఈ బటన్ నాలుగైదు వోల్టుల కోసం చేసినది. దీనికి 230 వోల్టులు ఇస్తే, ఇత్తడి మూత లోపల ఏ తీగ తగిలినా, వచ్చిన చుట్టం తలుపు తెరిచేలోపే కింద పడతాడు. మీ ఇళ్ళల్లో ఇలాంటివి ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న తక్కువ వోల్టుల గంటకే కలపండి, లేదా అలమారులో పెట్టుకోండి.

పెద్దత్త మాట

వస్తువు ఏమిటో తెలిసింది. ఇంక ఇది ఎవరింటి గంట? మా ఇంట్లో అంత వైభోగం ఎప్పుడూ లేదు. ఇంకో రెండు సంగతులు కూడా నాకు కొరుకుడు పడలేదు. దిమ్మను గోడకు బిగించే మరల గాట్లలో అడ్డదిడ్డంగా గీతలు ఉన్నాయి, స్క్రూడ్రైవరుతో తీసినవాడు అలా తీయడు. లోపల తీగ ముక్క ఒకటి మిగిలి ఉంది, నూలు చుట్టిన పాత తీగ. దాన్ని కత్తిరించలేదు, లాగి తెంపారు. ఎలక్ట్రీషియన్ చేసిన పని కాదు ఇది.

మా నాన్నగారి అక్క, మా పెద్దత్త, ఓల్డ్ సెటిల్‌మెంట్ దగ్గరే కొడుకు ఇంట్లో ఉంటుంది. అప్పటికి తొంభై ఏళ్ళు. చూపు తగ్గింది, జ్ఞాపకం తగ్గలేదు. బటన్ తీసుకెళ్ళి చేతిలో పెట్టాను. ఏమిటని చెప్పలేదు. వేళ్ళతో తడిమింది. బొత్తాం మీద వేలు పెట్టి, వెంటనే తీసేసింది.

"ఇది నీకెక్కడిదిరా నాయినా?" అంది.

"నాన్న పెట్టెలో ఉంది అత్తా. తాత కేబిన్‌దని చెప్పేవాడు."

చాలాసేపు మాట్లాడలేదు. తరవాత అంది: "మీ తాత షెడ్డులో కలాసీ. కేబిన్ మెట్లు ఎక్కి ఎరగడు. ఇది దొర బంగళాలోది. మాయమ్మని పిలిసే గంట."

అప్పుడు చెప్పింది. మా మామ్మ ఆ బంగళాలో ఆయా. వాళ్ళందరూ వెనక ఔట్‌హౌసులో ఉండేవారు. గంట ఆ ఔట్‌హౌసు వసారాలో ఉండేది, బటన్ దొరసాని మంచం పక్కన గోడకు ఉండేది. ఒకసారి మోగితే వంటవాడికి, రెండుసార్లు మోగితే మామ్మకి.

"పగలు సరే. రాత్రిళ్ళు కూడా మోగేది. నీ బాబుకి ఒకసారి జొరం వచ్చింది, ఒళ్ళు పెనం లాగ కాలిపోతంది. మాయమ్మ ఒళ్ళో ఏసుకుని తడిగుడ్డ ఏస్తంది. రెండు గంటలు మోగింది. నా ఒళ్ళో పడుకోబెట్టి ఎల్లింది. వచ్చింది. మల్లీ మోగింది. తెల్లారేలోపు ఎన్నిసార్లు ఎల్లిందో నాకు లెక్క తెలీదు. నాకు తొమ్మిదేళ్ళు. దొరసాని మంచిదేరా, చెడ్డది కాదు. పండగకి బట్టలెట్టేది. కానీ గంటకి ఏటి తెలుస్తాది, ఇక్కడ ఒళ్ళో ఎవుడున్నాడో?"

1944 అక్టోబరులో బి.ఎన్.ఆర్. కంపెనీ చేతి నుంచి ప్రభుత్వానికి వెళ్ళింది. 1947 తరవాత ఆ దొర కుటుంబం సామాను సర్దుకుని వెళ్ళిపోయింది. పెద్దత్త మాటల్లో: "ఆళ్ళు ఎల్లిపోయిన మర్నాడు, ఇల్లు కడగమని తాళం మాయమ్మకే ఇచ్చారు. కడిగింది. కడిగేసి, కూరల కత్తి ముక్కుతో ఈ బటన్ పీకేసింది. తీగ చేత్తో లాగి తెంపింది. ఎందుకే అమ్మా అంటే, ఇంకెవలూ నొక్కకుండా, అంది. అంతే. ఇంకో మాట అన్లేదు."

అడ్డదిడ్డంగా ఉన్న గీతలు నాకు అప్పుడు అర్థమయ్యాయి.

మీలో ఎవరైనా అనవచ్చు, తొంభై ఏళ్ళ మనిషి మాట మీద ఆధారపడవచ్చా అని. నేనూ అలాగే అనుకున్నాను. కాగితం మీద దిమ్మ ఆకారం గీసుకుని, మరల కన్నాలు గుర్తు పెట్టుకుని ఆ బంగళాకు వెళ్ళాను. ఇప్పుడు అందులో ఉన్న రైల్వే కుటుంబం వాళ్ళు నా వయసు, మీసం చూసి లోపలికి రానిచ్చారు. పడకగది గోడ నున్నగా రంగు వేసి ఉంది, ఏమీ కనబడలేదు. కిటికీ మూసి, టార్చిలైటును గోడకు ఆనించి వెలుగు అడ్డంగా పడేలా వేశాను. రాత్రిపూట తవ్విన నేలను అలాగే కదా పసిగడతాం. నడుము ఎత్తులో గుండ్రంగా ఒక వలయం నీడలా లేచింది. గోళ్ళతో తడితే అక్కడ గోడలో దింపిన చెక్క గిట్టీ చప్పుడు. కాగితం పెట్టాను. వలయం సరిపోయింది. రెండు కన్నాలూ సరిపోయాయి.

చీటీ మీద ఏం రాయాలి

ఇంటికి వచ్చి ఒక్క సంగతే ఆలోచించాను. మా నాన్న ఎలక్ట్రికల్ ఫిట్టరు. జీవితమంతా బటన్లు, గంటలు, తీగలు. నేను నాలుగు నెలలు తంటాలు పడి కనుక్కున్నది ఆయనకు చూడగానే తెలిసి ఉంటుంది. అసలు చూడక్కరలేదు, ఆ రాత్రి జ్వరంతో ఒళ్ళో ఉన్నది ఆయనే. తెలిసి తెలిసి కేబిన్ అని చెప్పారు. మొదట నాకు కోపం వచ్చింది. నేను ఇస్కూల్లో ఎంత గొప్ప చెప్పుకున్నానో గుర్తొచ్చి సిగ్గు వేసింది. తరవాత కోపం పోయింది. తల్లిని పిలిచిన గంటను కొడుకు చేతికిచ్చి, ఇది మీ మామ్మను పిలిచే గంటరా అని చెప్పడం ఏ తండ్రికి సులువు? పారేయనూ లేకపోయారు, ఉన్నది చెప్పనూ లేకపోయారు.

చీటీ మీద తాత కేబిన్ అని రాస్తే ఎవరూ అడగరు. వీధిలో మాకు గౌరవం. మా అబ్బాయి కూడా "వదిలేయండి నాన్నా, ఎవరికి తెలుస్తుంది" అన్నాడు. నేను మళ్ళీ పెద్దత్త దగ్గరికే వెళ్ళి అడిగాను. ఆవిడ అంది: "రాయిరా. ఉన్నదే రాయి. మాయమ్మ దొంగతనం సేసిందా? పని సేసింది. పీకిన సంగతి కూడా రాయి. అది మరిసిపోకు."

అందుకని ఇలా రాశాను: "బంగళాలో పనివాళ్ళను పిలిచే గంట బటన్. ఓల్డ్ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్. ఆయాగా పనిచేసిన మా మామ్మ, దొరలు వెళ్ళిపోయిన మర్నాడు దీన్ని గోడ నుంచి ఊడదీసింది." ప్రదర్శనలో చాలామంది దాని దగ్గరే ఆగారు. ఇద్దరు ముసలివాళ్ళు, మా అమ్మ కూడా బంగళాలో చేసేది అని మెల్లగా చెప్పి వెళ్ళారు. అంతకు ముందు ఆ మాట వాళ్ళ నోట నేను ఎప్పుడూ వినలేదు.

మనకు కూడా ఈ బటన్‌తో పని ఉంది. వైర్‌లెస్ సెట్ మీద మాట్లాడేటప్పుడు నొక్కేదాన్ని మనం ప్రెసెల్ స్విచ్ అంటాం. ప్రెసెల్ అంటే అసలు తీగ చివర వేలాడే గంట బటన్ అని అర్థం. మన చేతిలోకి వచ్చిన మాట కూడా ఆ పడకగదుల నుంచే వచ్చింది. కొత్త సిగ్నల్‌మన్‌గా ఆఫీసులో బజర్ బిగించింది నేనే. బయట స్టూలు మీద రన్నర్ కూర్చునేవాడు, మోగగానే లేచేవాడు. సుబేదార్ అయ్యాక నా బల్ల మీద కూడా ఒక బటన్ ఉండేది. ఎన్నిసార్లు నొక్కానో, అవతల ఆ కుర్రాడు సగం తిన్న రొట్టె పక్కన పెట్టి లేచాడో, ఇంటి నుంచి వచ్చిన ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని లేచాడో, నేను ఒక్కసారీ అడగలేదు. పిలవకుండా ఫౌజు నడవదు, అది నాకు తెలుసు. సర్వీసులో ఉన్న తమ్ముళ్ళను నేను అడిగేది ఒక్కటే. నొక్కే ముందు ఒక్క క్షణం అవతలి చివరను తలుచుకోండి. లేచి నాలుగు అడుగులు వేస్తే అయ్యే పనికి గంట కొట్టకండి.

ఇక పెద్దలకు నా మనవి. మీ పెట్టెల్లో కూడా ఇలాంటి వస్తువులు ఉంటాయి. తోమకండి. కాల్చకండి. కరెంటు పెట్టకండి. తెరిచి చూడండి, కొలవండి, దేనికి కాదో ఒక్కొక్కటే కొట్టేయండి. ఆ తరవాత ఇంట్లో అందరికంటే పెద్ద మనిషి చేతిలో పెట్టి, ఏమీ చెప్పకుండా ఊరుకోండి. కొలతలు వస్తువు పేరు చెబుతాయి. అది మన ఇంటికి ఎందుకు వచ్చిందో మనుషులే చెప్పాలి, వాళ్ళు ఉన్నప్పుడే అడగాలి. మా పెద్దత్త ఈ సంక్రాంతికి లేదు.

బటన్ ఇక్కడ బల్ల మీద పెడుతున్నాను. అందరూ వచ్చి చూడండి, చేత్తో పట్టుకోండి. ఒక్కటే కోరిక, నొక్కకండి. మా మామ్మ ఎవరూ నొక్కకూడదంది.

 జై హింద్.